రెండూ ఎడమ చేతులే

మా దర్జీల భాషలో చొక్కాకి ఉండేవాటిని కూడా చేతులనే అంటారు. నేను పనిలో చేరిన కొత్తలో మేస్త్రీగారు లోపలి నుంచి "చేతులు కత్తిరించేవా?" అని కేకేస్తే వీధిలో పోయే కొత్తవాళ్ళు ఆగి నా వంక చూసేవారు. ఇప్పుడు నా చేతుల సంగతి రాయాలంటే ఆ రెండు రకాల చేతుల గురించీ రాయాలి. కత్తిరించినవీ, కత్తిరించినవాడివీ. ఒకే ఏడాది రెండూ చెడ్డాయి.

మాది యానాం. యానమంటే ప్రయాణమని చదువుకున్నవాళ్ళు చెబుతారు. మా ఊరి పేరులో ఒక దీర్ఘం అదనంగా ఉంది. నా ప్రయాణాలూ అలాగే ఉండేవి. దర్జీ కొట్టు నుంచి సారా కొట్టుకి హ్రస్వం, సారా కొట్టు నుంచి ఇంటికి దీర్ఘం. అప్పటికింకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడే. పొలిమేర దాటితే మద్యనిషేధం, ఇటు పక్క ఆ బెంగ లేదు. అవతల తాగితే నేరం, ఇవతల తాగితే నోరారా. చుట్టుపక్కల ఊళ్ళ పెద్దమనుషులు ఏదో పని ఉందని ఇంట్లో చెప్పి మా ఊరు వచ్చి, తాగి, ఆ పనేమిటో మరిచిపోయి వెళ్ళేవారు. వాళ్ళంతా అంతంత దూరాల నుంచి వస్తుంటే పక్క వీధిలో ఉండి నేను వెళ్ళకపోవడం మర్యాద కాదనిపించేది. మొదట మర్యాదకి తాగాను. తరవాత మర్యాద పోయేదాకా తాగాను.

దర్జీ కొట్లో కూడా కులాలుంటాయి. కత్తెర పట్టేవాడు బల్ల దగ్గర నిలబడతాడు. మిషను తొక్కేవాడు ముక్కాలి పీట మీద కూర్చుంటాడు. కాజాలు కుట్టి బొత్తాలు వేసేవాడు గుమ్మం పక్కన చాప మీద కూర్చుంటాడు. నేను నిలబడే కులం. గుడ్డ పరిచి సుద్దతో గీత గీశానంటే కత్తెర ఆ గీత మీంచి నూలుపోగంత కూడా పక్కకి పోయేది కాదు. తాగి వచ్చినా పోయేది కాదు. నిలబడడం కష్టమయ్యేది గాని కత్తిరించడం ఎప్పుడూ కష్టం కాలేదు. ఆ సంగతి మేస్త్రీగారికీ తెలుసు. అందుకే చాలాకాలం చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

నా కత్తెర పోయింది తప్పుడు కోత వల్ల కాదు, తప్పుడు పని వల్ల. ఎవరో చొక్కాకని ఇచ్చిన గుడ్డని ఒక వానాకాలం మధ్యాహ్నం పట్టుకెళ్ళి సారా కొట్టాయనకిచ్చి తాగి వచ్చాను. అంతవరకూ బాగానే ఉంది. నాలుగు రోజులు పోయాక ఆ కొట్టాయన అదే గుడ్డ చంకలో పెట్టుకుని, చొక్కా కుట్టించుకుందామని మా దగ్గరికే వచ్చాడు. ఊళ్ళో మంచి కోత ఎక్కడంటే మా కొట్టే మరి. నా పనితనమే నన్ను పట్టించింది.

మేస్త్రీగారు అరవలేదు. నా చేతిలోని కత్తెర తీసుకుని, చాప చూపించి, "గుడ్డ కాజేసినోడికి ఇహ కాజాలేరా" అన్నారు. మాట బాగుందని నాకు నవ్వు రాబోయింది. ఆయన నవ్వడం లేదని చూసి మింగేశాను. కాజా అనగానే గోదావరి జిల్లాల్లో ఎవరికైనా నోట్లో నీళ్ళూరతాయి. నాకు కళ్ళల్లో ఊరాయి.

మా ఆవిడ నా మేనమామ కూతురు, పుట్టిల్లు మెట్టకూరు. అప్పటికే నా ఒట్లతో ఆమె తల బరువెక్కిపోయి ఉంది. ఆమె తల మీద వేశాను, మా అమ్మ తల మీద వేశాను, ఎవరూ తల ఇవ్వనన్న రోజున కుట్టు మిషను తల మీద కూడా వేశాను. ఒట్టు నిలబెట్టుకోలేకపోతే తీసి గట్టున పెట్టెయ్యమంటారు. గోదావరి పక్కన ఉన్నవాళ్ళం, గట్టుకి కొదవేముంది? నేను పెట్టిన ఒట్లన్నీ వరసగా పేర్చి ఉంటే వరద ఊళ్ళోకి వచ్చేది కాదు. గుడ్డ సంగతి బయటపడ్డ రోజున నేను మళ్ళీ ఆమె తల వైపు చెయ్యి చాపితే ఆమె వెనక్కి జరిగింది.

"ఒట్టులొద్దు బావా. మేస్త్రీగారు మళ్ళీ కత్తెర నీ చేతిలో పెట్టిన నాడు కబురెట్టు. ఆ రోజొస్తాను" అంది.

రేకు పెట్టె పట్టుకుని నడిచి వెళ్ళిపోయింది. మెట్టకూరు నడిచి పోగలిగినంత దూరమే. మళ్ళీ నడిచి రావడానికే దూరం.

అప్పుడు మానేశాను. తెలుగులో గాయమూ మానుతుంది, తాగుడూ మానుతుంది. గాయానికైతే మనం చెయ్యవలసిందేమీ లేదు, గోకకుండా ఉంటే చాలు. మొదటి నెల నేను లోపల గోక్కుంటూనే ఉన్నాను. చేతులు వణికేవి. ఇన్నాళ్ళూ నాకు సారా ఎక్కేది, సూదికి దారం ఎక్కేది. ఇప్పుడు ఒకటి ఎక్కించడం మానేసరికి రెండోది ఎక్కనంది. చాప మీద కూర్చుని సూదిబెజ్జంతో పావుగంట కుస్తీ పట్టేవాణ్ణి. మూడో రోజు పొద్దున కొట్టుకి వెళ్ళేసరికి చాప మీద సూదులు గుచ్చుకునే చిన్న దిండు ఉంది. దాని మీద పది సూదులు, పదింటికీ దారం ఎక్కించి ఉంది. మేస్త్రీగారు అటు తిరిగి బల్ల తుడుచుకుంటున్నారు. ఆ మర్నాడు మళ్ళీ పది. అలా మూడు నెలలు. ఒక రోజు నేనే దారం నోట్లో తడిపి, ఒక్క దెబ్బకి ఎక్కించి, ఆయనకి కనపడేలా ఎత్తి పట్టుకున్నాను. ఆయన తల ఊపారు. మర్నాటి నుంచి దిండు మీద వట్టి సూదులే ఉండేవి. ఆ వట్టి సూదులకి నేనెంత మురిసిపోయానో!

అసలు చిక్కు ఆ మురిపెంలోనే మొదలైంది. మానేసినవాడిగా ఊళ్ళో నాకొక పేరు వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. కాజాలు కుట్టేవాడు తాగకపోతే ఎవరికేం? అందుకని నేనే చెప్పుకోవడం మొదలుపెట్టాను. చొక్కా బొత్తం ఊడిందని వచ్చినవాడికి కూడా నేను తాగుడు ఎలా మానానో చెప్పి గాని బొత్తం వేసేవాణ్ణి కాదు. సారా కొట్టు ముందు నుంచి తల పక్కకి తిప్పుకుని వెళ్ళేవాణ్ణి, అదీ అందరూ చూసేలా. ఒక రోజు మేస్త్రీగారు సుద్ద కింద పెట్టి, "మానేసినోడు మానేసినట్టుండాల్రా. నువ్వు మానేసేనని చెప్పేది కూడా తాగినోడి వాగుడులాగే ఉంది" అన్నారు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అబద్ధమైతే ఒక్క రోజులో పోయేది ఆ కోపం.

ఎనిమిది నెలలు గడిచాయి. ఊళ్ళో జెండా మారింది. జెండాతో పాటు బట్టలూ మారాయి. పాత సిపాయిల దుస్తులు పెట్టెల్లోకి పోయి, ఖాకీ తానులు మా కొట్టు సగం ఆక్రమించాయి. మేస్త్రీగారికి ఒక కంట్లో పొర కమ్ముతున్న రోజులవి. అన్నీ ఆయనే కత్తిరించలేకపోయారు. అదే సమయానికి కచేరీలో పనిచేసే గుమాస్తాగారొకరు కోటు గుడ్డ తెచ్చారు. కొత్తగా వచ్చే అధికారుల ముందు నిలబడడానికి పాత కోటు పనికిరాదని ఆయన భయం. ఫ్రెంచివాళ్ళ రోజుల్లో ఓడ మీద వచ్చిన గుడ్డట, ఎన్నాళ్ళుగానో దాచుకున్నారట. నల్లటి నీలం, మొహం వైపు మెరుపు, వెనక వైపు నూగు. మళ్ళీ కొందామన్నా దొరకదు. కోటుకి ఒక మూర తక్కువ కూడా.

మేస్త్రీగారు ఆ గుడ్డని బల్ల మీద పరిచి, కంటికి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశారు. తరవాత కత్తెర తీసి పిడి వైపు నాకు చాపారు. "చూసుకో" అన్నారు. అంతే.

చాప మీద నుంచి లేచాను. ఎనిమిది నెలల తరవాత బల్ల ఎత్తు నాకు మళ్ళీ కొత్తగా అనిపించింది. నేను చెయ్యవలసింది గుడ్డని చూసుకోవడం. చేసిందేమిటంటే, గుమ్మంలోకి పరిగెత్తి, మెట్టకూరు నుంచి పాలు తెచ్చి తిరిగి వెళ్తున్న ఆవిడని ఆపి, కత్తెర ఎత్తి చూపించాను. మా ఆవిడకి చెప్పమన్నాను. మంగళవారం సంతకి ఎలాగూ జనం వస్తారు కదా, వాళ్ళతో కలిసి రమ్మన్నాను. ఆవిడ నా చేతిలో కత్తెర చూసి రెండడుగులు వెనక్కి వేసింది గాని, చెబుతానంది.

అప్పుడు కత్తిరించాను. గుడ్డ చాలినంత ఉంటే మడత మీద కత్తిరిస్తాం. రెండు పొరలు కాబట్టి కుడి చెయ్యీ ఎడమ చెయ్యీ ఒకేసారి వస్తాయి. గుడ్డ తక్కువైతే మడత విప్పి, ఒంటి పొర మీద, సందు దొరికిన చోట ఒక్కొక్క చెయ్యీ విడిగా గీసుకోవాలి. ఒక చెయ్యి గీశాక కాగితం నమూనాని తిరగేసి రెండోది గియ్యాలి. తిరగెయ్యడమొక్కటే అందులో కిటుకు. పని నేర్చుకునే కుర్రకుంకకి కూడా మొదటి వారంలో చెబుతారు. నేను గీశాను, జరిపాను, మళ్ళీ గీశాను. నా మనసు మంగళవారంలో ఉంది. మంగళవారం నాడు ఆమె గుమ్మంలోకి వచ్చేటప్పటికి నేను ఎలా నిలబడి ఉండాలి, కత్తెర కుడి చేతిలో ఉండాలా, టేపు మెడలో ఉండాలా అని ఆలోచిస్తున్నాను. కోత ఎప్పటిలాగే గీత మీదే పోయింది. నూలుపోగంత కూడా తప్పలేదు.

సోమవారం మధ్యాహ్నం గుమాస్తాగారు ఒంటికి పెట్టి చూసుకోవడానికి వచ్చారు. అప్పటికి కోటుకి ఎడమ చెయ్యి ఒక్కటే పొడుగు కుట్లతో అతికించి ఉంది. ట్రయలుకి ఒక చెయ్యి చాలు. అది భుజం మీద పడ్డ తీరు చూసి మేస్త్రీగారు నా వీపు తట్టారు. గుమాస్తాగారు అద్దంలో చూసుకుని ముచ్చటపడి, రెండో చెయ్యి కూడా పెట్టి చూపించమన్నారు. కుడి చెయ్యి తీసి భుజానికి ఆనించాను. మోచెయ్యి దగ్గర వంపు ముందుకి రావాలి. వెనక్కి పోయింది. వెనక ఎవరినో రమ్మని పిలుస్తున్నట్టుంది. తిప్పాను. వంపు ముందుకొచ్చింది, నూగు పైకొచ్చింది. మళ్ళీ తిప్పాను. మొహమున్న గుడ్డ అది. మొహం చెల్లనిది నాకే.

బల్ల కింద మిగిలిన పీలికలు గుమాస్తాగారు వంగి చూశారు. వాటిలో చెయ్యి కాదు, చేతిరుమాలు కూడా రాదు.

మేస్త్రీగారు నా దగ్గరికి వచ్చి, నా మొహం దగ్గర మొహం పెట్టి, నెమ్మదిగా అడిగారు. "తాగేవేట్రా?"

ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికి నాకు పట్టిన సమయం చాలా తక్కువ. దాని గురించి ఆలోచించడానికి పట్టిన సమయం ఇంకా అయిపోలేదు. తాగలేదంటే అది నిజం. ఎనిమిది నెలలుగా చుక్క ముట్టలేదు. కాని తాగకుండా, పట్టపగలు, మంచి వెలుతురులో, రెండు ఎడమ చేతులు కత్తిరించినవాడు పనితనం పోయినవాడు. తాగానంటే, తాగుడొక్కటే నా లోపం. దాన్ని పక్కన పెడితే ఊళ్ళో నా అంత కోత లేదు. పని మీద నాకున్న పొగరు అటువంటిది. తాగుబోతునని ఒప్పుకోవడానికి సిగ్గుపడలేదు గాని, పని రానివాణ్ణని ఒప్పుకోవడానికి ప్రాణం పోయింది.

"ఆయ్, తాగేనండి" అన్నాను.

"కత్తిరించేప్పుడు వాసన రాలేదే?"

"లవంగం నవిలేనండి."

మేస్త్రీగారి భుజాలు కిందికి జారాయి. తెలిసిన జబ్బే అనుకున్నప్పుడు మనిషికి కలిగే నిమ్మళం కూడా ఆయన మొహంలో కొంచెం కనిపించింది. గుమాస్తాగారు కోటు విప్పుతూ, పాపం మంచి పనివాడు, ఆ పాడు తాగుడే లేకపోతే, అన్నారు. నేను కోరుకున్న మెప్పు సరిగ్గా అదే. మాట మాటగా దొరికింది. కత్తెర బల్ల మీద పెట్టేసి బయటికి వచ్చాను.

సాయంత్రం సారా కొట్టుకి వెళ్ళాను. తాగానని పెద్దమనుషుల ముందు చెప్పాను కదా, మాట తప్పకూడదు. నా జీవితంలో అన్న మాట నిలబెట్టుకున్నది ఆ ఒక్కసారే.

మర్నాడు మంగళవారం. తల దిమ్ముతో కొట్టుకి వెళ్ళేసరికి చాప మీద దిండు ఉంది. దాని మీద పది సూదులు. పదింటికీ దారం ఎక్కించి ఉంది. కంట్లో పొర ఉన్న మనిషి ఎంత పొద్దున్నే లేచి, వెలుతురు కోసం ఎంతసేపు గుమ్మంలో నిలబడి ఎక్కించారో! నిన్నటి దాకా వట్టి సూదులు నాకు గుచ్చుకోలేదు. ఈ పదీ గుచ్చుకున్నాయి.

ఆమె పొద్దు బాగా ఎక్కాక వచ్చింది. రేకు పెట్టె తెచ్చింది. గుమ్మం బయటే దించి, దాని పక్కన నిలబడింది. మేస్త్రీగారు చూసి, సంతలో పని ఉందంటూ కర్ర పట్టుకుని వెళ్ళిపోయారు.

"కత్తెరిచ్చేరని పాలావిడ చెప్పింది. తాగేవని ఇప్పుడు వీధి మొదట్లో చెప్పేరు. ఏది నిజం?" అంది.

"రెండూ" అన్నాను.

తరవాత జరిగిందంతా జరిగినట్టు చెప్పాను. కత్తిరించినప్పుడు తాగలేదని, తాగింది తరవాతని. ఒట్టు అనబోయి ఆగాను. అది గమనించిందేమో, నమ్మింది. నేను తాగలేదంటే ఆమె నమ్మడం ఎన్నో ఏళ్ళ తరవాత అదే మొదటిసారి. మరైతే తాగానని ఎందుకన్నావంది. పని మరిచిపోయాడంటారని, అన్నాను. ఆమె దిండు వైపు చూసింది.

"సూదులెవరు ఎక్కించేరు?"

"మేస్త్రీగారు."

"నీకు రాదా?"

"వచ్చు."

"వచ్చని చెప్పేవా?"

చెప్పలేదు. చెబితే కత్తిరించేటప్పుడు నా చేతులు బాగానే ఉన్నాయని తెలిసిపోతుంది. ఆ సంగతి నేను నోటితో అనక్కరలేకపోయింది. ఆమె వంగి పెట్టె ఎత్తి చంకన పెట్టుకుంది. కోపం లేదు, ఏడుపు లేదు. జ్వరం ఎంత ఉందో చూసి చెప్పినట్టు చెప్పింది.

"తాగుడైతే ఎప్పటికో అప్పటికి మానుద్ది బావా. ఇది మానేది కాదు."

సంతకొచ్చిన జనం ఎదురుగా వస్తుంటే వాళ్ళని తప్పుకుంటూ వెళ్ళిపోయింది. నేను వెంట పరిగెత్తలేదు. ఎందుకు పరిగెత్తలేదంటే, ఒళ్ళో ఎవరిదో చొక్కా ఉంది, సూది అందులో ఉంది. సాకు చూడండి, ఎంత చిన్నదో! దానికి కూడా దారం ఎక్కించి ఉంది.

కొత్తగా ఒక కత్తిరింపు పనివాణ్ణి పెట్టుకున్నారు మేస్త్రీగారు. గుమాస్తాగారి గుడ్డతో చేతుల్లేని లోపలి కోటు ఒకటి తయారైంది. ఆయన పాత కోటు కిందే దాన్ని వేసుకుని అధికారుల ముందు నిలబడ్డారు, చేతులు కట్టుకుని. నేను చాప మీదే ఉండిపోయాను. మానాను, తాగాను, మళ్ళీ మానాను. ఇప్పుడు మానితే ఎవరికీ చెప్పడం లేదు. అది అణకువ అనుకునేరు. చెప్పడానికి ఎవరూ లేకపోవడం.

మేస్త్రీగారికి మాత్రం నిజం చెప్పలేదు. ఆయన ఆ తరవాత కూడా రోజూ పొద్దున్నే పది సూదులకి దారం ఎక్కించి పెట్టేవారు. రెండో కంటికి కూడా పొర కమ్మాక సగం సూదుల్లో దారం బెజ్జంలో ఉండేది కాదు, పక్కనుంచి పోయి దిండుకి అంటుకుని ఉండేది. ఆయన అటు తిరిగినప్పుడు వాటిని నేనే ఎక్కించుకునేవాణ్ణి, చప్పుడు కాకుండా. పదీ సరిపోయాయా అని అడిగితే, సరిపోయాయండి అనేవాణ్ణి.

మూడేళ్ళు పోయాక ఒక మంగళవారం మెట్టకూరు ఆవిడ ఎవరో సంతకొస్తూ రెండు జాకెట్టు ముక్కలు ఇచ్చి వెళ్ళింది. వాటితో పాటు కొలతకి ఒక ఆది జాకెట్టు. ఎవరివో చెప్పలేదు. చెప్పక్కరలేదు. ఆ ఆది నేను కత్తిరించిందే, పెళ్ళయిన ఏడాది. బచ్చలిపండు రంగు వెలిసి గులాబీ అయింది. రెండు పక్కలా కుట్లు విప్పి వదులు చేసి ఉంది. నేను లేని మూడేళ్ళలో ఒళ్ళు చేసిందన్నమాట. మంచిదే.

కొత్త పనివాడు ఆదిని బల్ల మీద పరిచి, దాని మీద చెయ్యి వేసి సవరించాడు. చంక దగ్గర కోత చూస్తూ కాసేపు ఆగాడు.

"ఇది కత్తిరించినోడు పనోడండి. ఎవరో?" అన్నాడు, చాప వైపు తిరిగి.

నేను తల ఎత్తలేదు. ఏదో చొక్కాకి చివరి కాజా పూర్తయింది, దారం పళ్ళ మధ్య ఉంది. తెంపుతున్నాను. అతను జవాబు కోసం కొంచెం ఆగి, సుద్ద తీసుకుని, నా గీత వెంటే తన గీత గీసుకున్నాడు.

సాయంత్రానికి రెండు జాకెట్లూ నా దగ్గరికి వచ్చాయి, హుక్కులకీ కాజాలకీ. కుట్టి, మడిచి, ఆదిని పైన పెట్టి, తీసుకెళ్ళడానికి వచ్చిన ఆవిడకి ఇచ్చాను.